బ్రిస్టల్ నగరమున క్వాంటమ్ విద్యార్థుల నడుమ

బ్రిస్టల్ నగరమున టిండాల్ అవెన్యూ వెంట పోవువారికి, 1927లో తెఱవబడిన హెచ్.హెచ్. విల్స్ భౌతికశాస్త్ర ప్రయోగశాలయు, దాని సమీపముననే 2009 నాటి నానోశాస్త్ర, క్వాంటమ్ సమాచార కేంద్రమును గోచరించును. ఇవి చేరియున్న బ్రిస్టల్ విశ్వవిద్యాలయమున 2014లో ఆరంభమైన క్వాంటమ్ ఇంజనీరింగు డాక్టరేటు శిక్షణను ప్రత్యక్షముగా చూడవలెనని నాకు చిరకాలముగా కోరిక. ఏలయన, పరిశోధకుని తయారుచేయుట యనగా నొక విషయమును చేతికిచ్చి గదిలో విడిచిపెట్టుట కాదని యచటివారు నమ్ముదురని వినియుంటిని.

వినినది నిజమే. నాలుగేండ్ల చదువులో తొలియేడు విద్యార్థికి స్వంత పరిశోధనాంశ ముండెడిది కాదు. భౌతికశాస్త్రము చదివినవారును, గణితము చదివినవారును, ఇంజనీరింగునుండి వచ్చినవారును ఒక్క జట్టుగా పాఠములు వినుచు, ప్రయోగములు చేయుచు, వేర్వేరు బృందములయొద్ద చిన్న పరిశోధనలు సాగించి, ఆ పిమ్మటనే తమ మార్గమును నిర్ణయించుకొనెడివారు. ఇది కాలవ్యయమని తలంచువారు లేకపోరు. నాకు మాత్రము నాలుగేండ్లలో నిదియే యమూల్యమని తోచినది. 2023లో 6,003.65 కోట్ల రూపాయల జాతీయ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదము పలికిన మనము, యంత్రములతోపాటు ఇట్టి యొక సంవత్సరమును మన పిల్లలకు సమకూర్పవలయును. బ్రిస్టల్‌లోనే 1902లో జన్మించిన క్వాంటమ్ సిద్ధాంతవేత్త పాల్ డిరాక్ సైతము, ఇచ్చటనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగు ముగించి, పిదప గణితము నభ్యసించి, ఆ మీదటనే కేంబ్రిడ్జి చేరెను గదా!

అచటి ప్రయోగశాలలో నన్ను చాలసేపు నిలిపినది రెండు ఫోటానుల, అనగా రెండు కాంతికణముల, ప్రయోగము. ఏకరూపములైన రెండు ఫోటానులు, కాంతిని సగము పోనిచ్చి సగము మరలించు కూడలికి ఒకే క్షణమున చేరినచో, ఎల్లప్పుడును రెండును కలిసి యొకే దారిని వెడలును. 1987లో హాంగ్, ఔ, మాండెల్ అనువారు చూపిన వింత యిది. సున్నకు దిగువ 270 డిగ్రీల సెల్సియస్ ప్రాంతమున, దారికొకటిగా నుంచిన శోధకములు రెండును ఏకకాలమున స్పందించు పర్యాయములను లెక్కించుచు, ఒక తొలియేటి విద్యార్థిని ఒక ఫోటాను రాకను లవలేశముగా జరుపుచుండగా, ఆ లెక్కను చూపు తెరమీది రేఖ క్రమముగా దిగి, అడుగు నంటకయే నిలిచిపోయెను. ఫోటానులు పూర్తిగా నేకరూపములు కాకపోవచ్చునన్నమాట. దోషము ఫోటానుల జన్మస్థానముననా, ఫైబరులోని ధ్రువణముననా, వేఱొకచోటనా యని యామె ఒక్కొక్కటిగా పరీక్షింపసాగెను. ఉపాధ్యాయుడు ప్రక్కననే యుండియు నోరు మెదపలేదు. ఆ మౌనమే బోధనయని నేను గ్రహించితిని.

1959లో క్వాంటమ్ సిద్ధాంతమున అహరొనోవ్–బోమ్ ఫలితమనబడు దానిని ప్రకటించినప్పుడు యాకిర్ అహరొనోవ్ ఈ విశ్వవిద్యాలయముననే డేవిడ్ బోమ్ శిష్యుడు. ఆ మాట నేనెత్తగా ఆ విద్యార్థిని, తాను వచ్చిననాడు సిద్ధాంతమునే కోరితిననియు, ఇప్పుడు మనస్సు శోధకనిర్మాణమువైపు మొగ్గుచున్నదనియు చెప్పి, మరల కొలతలకు పూనుకొనెను.