నాకూ కాస్త మామూలు కోపం కావాలి

పిల్లల్ని ఫుట్‌బాల్ క్లబ్బులో చేర్పించిన తల్లిదండ్రులందరికీ కోపాలుంటాయి. ఫీజు పెంచారని కోపం. మావాణ్ణి బెంచీ మీద కూచోబెట్టారని కోపం. ఆదివారం పొద్దున ఏడింటికి మ్యాచ్ అని శనివారం రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో చెప్తారని కోపం. రిఫరీకి కళ్ళు లేవని కోపం. ఈ కోపాలన్నీ నాకూ ఉన్నాయి. కాకపోతే నా కోపం ప్రతిసారీ నోటిదాకా వచ్చి ఒక ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ఇది అందరికీ జరిగేదేనా, మాకు మాత్రమే జరిగేదా? ఆ ప్రశ్న గురించే ఈ నాలుగు మాటలు.

మా ఇంట్లో ఫుట్‌బాల్ కొత్తది కాదు. మా అబ్బాజాన్‌ది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. 1960లలో చదువుకోసం హైదరాబాద్ వచ్చినప్పుడు ఆయనకు ఈ నగరం రెండు అలవాట్లు చేసింది. ఒకటి ఇరానీ చాయ్, రెండోది ఫుట్‌బాల్. అప్పటికే రహీం సాబ్ చనిపోయారు. కానీ మల్లేపల్లి హోటళ్ళలో చాయ్ తాగేవాళ్ళ నోళ్ళల్లో ఆయన బతికే ఉన్నారని అబ్బాజాన్ చెప్పేవారు. "రహీం సాబ్ ఉంటేనా..." అని మొదలుపెట్టని ముచ్చట ఉండేది కాదట.

సయ్యద్ అబ్దుల్ రహీం. ఉద్యోగరీత్యా బడిపంతులు. ఆయన తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చుకుంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్ళీ బంగారం తెచ్చింది. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ఉంది. తర్వాత ఏడాది తిరక్కుండానే, 1963 జూన్‌లో పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశం మళ్ళీ బంగారం ముఖం చూడలేదు. 2024లో "మైదాన్" అని హిందీ సినిమా వచ్చేదాకా, మా క్లబ్బు తల్లిదండ్రుల్లో సగం మందికి ఆయన పేరు కూడా తెలియదు. సినిమా వచ్చాక ఒకాయన నాతో "మీవాళ్ళే కదండీ" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. నేను నవ్వాను. బంగారు పతకం తెచ్చినాయన కూడా "మీవాళ్ళ" ఖాతాలోనే ఎందుకు జమవుతాడు? "మనవాడు" ఎందుకు కాలేడు?

అబ్బాజాన్ కాలానికీ నా కాలానికీ మధ్య ఒక పెద్ద మార్పు జరిగింది. అప్పుడు ఆట కడుపుకింత పెట్టేది. బాగా ఆడే కుర్రాణ్ణి పోలీసుల్లోకో, రైల్వేలోకో, ఏదో ఒక ప్రభుత్వ సంస్థలోకో తీసుకునేవారు. పొద్దున ప్రాక్టీసు, తర్వాత డ్యూటీ, ఒకటో తారీఖున జీతం. చదువు అంతంతమాత్రంగా అబ్బిన పేద ముస్లిం కుర్రాళ్ళకు అది గౌరవంగా బతికే దారి. ఈ ఊళ్ళో పెరిగి దేశానికి ఆడిన యూసుఫ్ ఖాన్, నయీముద్దీన్, హబీబ్, షబ్బీర్ అలీ లాంటి వాళ్ళు ఆకాశంలోంచి ఊడిపడలేదు. వాళ్ళ వెనక గల్లీ మైదానాలున్నాయి, ఉద్యోగాలున్నాయి.

ఇప్పుడు లెక్క తిరగబడింది. ఆట మనకేమీ ఇవ్వదు. మనమే ఆటకివ్వాలి. నెలకు 3,000 క్లబ్బు ఫీజు. కిట్టుకు వేరే, టోర్నమెంటుకు వేరే, ఊరు దాటితే బస్సుకూ బసకూ వేరే. టర్ఫు గంటల లెక్కన అద్దెకు దొరుకుతుంది. గల్లీ మైదానాల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. బార్కస్‌లో ఇప్పటికీ పిల్లలు బంతి వెంట పరుగెడుతూనే ఉన్నారు గానీ, ఈ ఫీజులు కట్టి ఈ గేట్లు దాటి లోపలికొచ్చేది వాళ్ళలో ఎందరు? నేనూ, మావారూ ఇద్దరం ఉద్యోగస్తులం కాబట్టి మావాడు లోపల ఉన్నాడు. జట్టులో ఇరవైరెండు మంది పిల్లలు. మావాడొక్కడే సాహెబుల పిల్లాడు. ఒకప్పుడు హైదరాబాద్ ఫుట్‌బాల్ అంటే ఎవరి పేర్లు వినిపించేవో తెలిసినవాళ్ళకు ఈ లెక్క ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

పోనీ, ఇంత కట్టి ఎక్కడికి చేరతాం? హైదరాబాద్ పేరుతో 2019లో ఒక పెద్ద క్లబ్బు పుట్టింది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఆ రాత్రి మావాడు నిద్రపోలేదు. తర్వాత డబ్బు ఇబ్బందులొచ్చాయి. 2025లో ఆ క్లబ్బు మూటాముల్లె సర్దుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. "అమ్మీ, మరి నేను పెద్దయ్యాక ఎవరికి ఆడాలి?" అనడిగాడు. ఈ బాధ మాత్రం నాది ఒక్కదానిదే కాదు. ఆ వారం క్లబ్బు గేటు బయట తల్లిదండ్రులందరం ఒకే గొంతుతో తిట్టుకున్నాం. నిజం చెప్పొద్దూ, నాకు ఆ రోజు హాయిగా అనిపించింది. అందరితో కలిసి తిట్టుకోవడంలో ఒక సుఖముంది.

మిగతా రోజుల్లో ఆ సుఖం దొరకదు.

కాగితాల సంగతే తీసుకోండి. అండర్-13లో ఆడాలంటే వయసు రుజువు చూపించాలి. పెద్ద పిల్లల్ని చిన్నపిల్లల్లో ఆడించే మోసం అన్ని ఊళ్ళలోనూ ఉంది. అందుకే పెద్ద పోటీల్లో మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు కూడా చూస్తారు. న్యాయమే. నేను కాదనను. అందరు తల్లులూ జనన ధ్రువపత్రం తెచ్చి పడేసి వెళ్ళిపోయారు. నేను నాలుగుసార్లు తిరిగాను. ఎందుకంటే మావాడి పేరులో మొదటి మాట ఆసుపత్రి కాగితంలో "ఎండీ", ఆధార్‌లో "మొహ్ద్", బడి రికార్డులో "మొహమ్మద్". ఏ గుమాస్తాకు ఎంత ఓపికుంటే అంత రాశాడు. క్లబ్బులో అడిగే కుర్రాడు మర్యాదగానే అడిగాడు. "ఆంటీ, స్పెల్లింగులన్నీ ఒకటే ఉండాలి" అన్నాడు, అంతే. కానీ 2019లో అస్సాంలో తుది జాబితా వచ్చి 19 లక్షల మంది పేర్లు గల్లంతయ్యాయని పేపర్లో చదివిన మనిషిని నేను. ఆ జాబితాలో లేనివాళ్ళలో అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. కానీ అదే ఏడాది డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు, బీరువాలోని ట్రంకుపెట్టె దించి తాతల కాగితాలు వెతుక్కున్నది మాలాంటి ఇళ్ళల్లోనే. ఆంటీ, స్పెల్లింగు అని ఆ కుర్రాడంటే నాకు వినపడేది స్పెల్లింగు కాదు.

ఇక బెంచీ. నిరుడు వరసగా ఐదు మ్యాచ్‌లు మావాణ్ణి బయటే కూచోబెట్టారు. మరో పిల్లాణ్ణి కూడా. ఆ పిల్లాడి తల్లి ఆరో మ్యాచ్ రోజు కోచ్ దగ్గరికి నేరుగా వెళ్ళింది. "ఏంటి సార్, మావాడు ఫీజు కట్టట్లేదా? నీళ్ళ సీసాలు మోయడానికా తీసుకొచ్చేది?" అని అందరూ వినేలా అడిగింది. కోచ్ నవ్వాడు. "రన్నింగ్ తక్కువ మేడమ్, రెండు వారాలు టైమివ్వండి" అన్నాడు. రెండు వారాల తర్వాత ఆ పిల్లాడు ఆడాడు. ఆమె నోటి ధాటికి తల్లులందరం ముచ్చటపడ్డాం.

అదే మాట, అదే గొంతుతో నేను అడిగితే? తలమీద స్కార్ఫుతో ఆ గీత దగ్గర నిలబడి నేను చెయ్యి తిప్పుతూ మాట్లాడితే? "గయ్యాళి తల్లి" అనుకుంటే నాకు బాధ లేదు. ఆమెనూ అదే అనుకుని ఉంటారు. కానీ నన్ను అలా అనుకుని ఊరుకోరు. "వీళ్ళింతే" అంటారు. ఆమె గొడవ ఆమె ఒక్కదానిది. నా గొడవ మొత్తం బిరాదరీది అవుతుంది. అడగడానికి కూడా ఒక పౌరసత్వం కావాలి. ఆమెకు అది పుట్టుకతోనే ఉంది. ఉందని ఆమెకు తెలియనంత సహజంగా ఉంది.

మరి కోచ్ చెడ్డవాడా? కాదు. రంజాన్ నెలలో మావాడు రోజా ఉన్నాడని తెలిసి, పరుగులు పెట్టించకుండా పాసింగ్ ఒక్కటే చేయించాడు. మగ్రిబ్ వేళకు ఖర్జూరం తినమని ఆట ఆపి పంపాడు. అంత మంచివాడి మీద అనుమానపడాల్సిన గతి పట్టడమే నాకు జరిగిన అన్యాయం. ద్వేషించేవాడు ఎదురుగా ఉంటే కనీసం పోట్లాడొచ్చు. ఎవరు ద్వేషిస్తున్నారో, ఎవరు ప్రేమగా ఉన్నారో, ఎవరికి అసలు మన ధ్యాసే లేదో తేల్చుకోలేక రోజంతా లెక్కలు వేసుకుంటూ కూచోవడం ఉంది చూశారూ, అది మనిషిని లోపల్నించి తినేస్తుంది.

చివరికి మావాడే చెప్పాడు. "నా ఎడమ కాలు వీక్ అమ్మీ. అందుకే తీసుకోవట్లేదు." వాడికి ఇంకా మామూలు కారణాలు సరిపోతున్నాయి. రహీం సాబ్ కుర్రాళ్ళకు బలం లేని కాలితోనే ఆడాలని షరతు పెట్టి పోటీలు నడిపేవారని అబ్బాజాన్ చెప్పిన ముచ్చట వాడికి చెప్పాను. ఆ రోజునుంచి డాబా మీద గోడకేసి ఎడమ కాలితోనే కొడుతున్నాడు. కింది వాటావాళ్ళు చప్పుడని గొడవపడుతున్నారు. అది మామూలు గొడవ. నాకు ఇష్టమైన గొడవ.

కానీ అన్నిటికీ మామూలు కారణాలు సరిపోవు. ఒక ఆదివారం మ్యాచ్‌లో మావాడు బంతి లాక్కుని ముందుకు పోతుంటే అవతలి జట్టు తండ్రి ఒకాయన "ఆ పాకిస్తాన్‌గాణ్ణి ఆపండ్రా" అని అరిచాడు. పన్నెండేళ్ళ పిల్లాణ్ణి. రిఫరీ వినలేదో, విననట్టున్నాడో. మావైపు తల్లిదండ్రులు నిశ్శబ్దమైపోయారు. ఆఫ్‌సైడ్ ఇవ్వలేదని గొంతు చించుకునేవాళ్ళంతా ఆ ఒక్క నిమిషం మూగబోయారు. ఆట అయ్యాక ఒకావిడ నా చెయ్యి పట్టుకుని "పట్టించుకోకండి అక్కా, వాడొక మూర్ఖుడు" అంది. ఆమె మంచితనం నాకు తెలుసు. కానీ ఆ మాట నా చెవిలో కాదు, ఆయన మొహం మీద అనాల్సింది కదా!

ఇంటికొచ్చేటప్పుడు స్కూటర్ వెనక కూచుని మావాడు అడిగాడు. "అమ్మీ, పాకిస్తాన్ ఫుట్‌బాల్ బాగా ఆడుతుందా?"

"లేదు బేటా, ర్యాంకుల్లో మనకంటే చాలా కింద."

"మరి నేను బాగా ఆడినందుకు అలా అన్నాడా, ఆడనందుకా?"

దీనికి ఏ తల్లి ఏం జవాబు చెప్పాలి?

మా ఇంటివైపు కోపాలూ చెప్పుకోవాలి. లేకపోతే అది నిజాయితీ కాదు. "మోకాళ్ళు కనపడేలా నిక్కరేంటి" అని మా చాచా ఒకాయన మూడేళ్ళుగా సణుగుతూనే ఉన్నాడు. మావాడు నిక్కరు కింద బిగుతు పైజామా లాంటిది వేసుకుని ఆడతాడు. మైదానంలో ఎవరికీ లేని ఇబ్బంది చాచాకే. ఇక మా అమ్మాయి తానూ ఆడతానంటే, అన్న వెనక సంచీ మోసినన్నాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు గానీ, బూట్లు కొనమన్న రోజున చుట్టాలందరికీ షరియత్ గుర్తొచ్చింది. 2011 జూన్‌లో అమ్మాన్‌లో ఇరాన్ అమ్మాయిల జట్టును తల కప్పుకున్నారని ఒలింపిక్ అర్హత మ్యాచ్ ఆడనివ్వలేదు. ఆ అమ్మాయిలు మైదానంలోనే ఏడ్చారు. 2014 మార్చిలో ఆ నిషేధం తీసేశారు. అక్కడ అధికారులు మనసు మార్చుకున్నారు. మా చాచా ఎప్పుడు మార్చుకుంటాడో! గీతకు అవతల ఒకరు మా పిల్లల్ని బయటికి నెడుతుంటే, ఇవతలినుంచి మనమే చెయ్యి పట్టుకుని లాగేస్తే ఇక వాళ్ళు నిలబడేదెక్కడ?

1962లో జకార్తాలో ఆడిన జట్టుకు చునీ గోస్వామి కెప్టెన్. మన అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం అందులో ఉన్నాడు. యూసుఫ్ ఖాన్ ఉన్నాడు. ఫైనల్లో గోల్స్ కొట్టింది పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్. జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీం సాబ్ అతణ్ణి డిఫెన్స్‌లోంచి తీసి ముందు వరసలో ఆడించారు. ఆ కుట్లతోనే అతను గోల్ కొట్టాడు. ఎవరిని ఎక్కడ నిలబెడితే జట్టు గెలుస్తుందో అదొక్కటే ఆ బడిపంతులు చూసింది. నేను అంతకంటే ఎక్కువ అడగడం లేదు.

మా పిల్లల్ని ప్రత్యేకంగా చూడమని అడగడం లేదు. జట్టులో కోటా అడగడం లేదు. వాడి ఎడమ కాలు వీకైతే బెంచీ మీదే కూచోబెట్టండి. ఆ కారణం నేను నమ్మగలిగే ఊరుగా మాత్రం దీన్ని ఉంచండి. ఎవరైనా వాణ్ణి పరాయి దేశం పేరుతో పిలిస్తే నాకంటే ముందు మీరు అరవండి. అప్పుడు నేను కూడా అందరు తల్లుల్లాగే గీత దగ్గర నిలబడి, నోరు నొప్పెట్టేదాకా రిఫరీని తిడతాను. ఫీజు ఎందుకు పెంచారని నిలదీస్తాను. రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టినవాణ్ణి ఏకేస్తాను. మనిషికి ఆనందమే కాదు, మామూలు కోపం కూడా ఒక హక్కే.