జపాన్ జాజ్ వింటుంటే మన డోలు గుర్తొచ్చింది

పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి. నోటిఫికేషన్ గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించి కాదు. సంగీతం గురించి. అదీ జపాన్‌లో యాభై ఏళ్ల కిందట వాయించిన జాజ్ గురించి.

మా హాస్టల్ రూమ్‌లో అయితే నవ్వారు. "నీకు జపాన్ భాష వచ్చా? జాజ్ అంటే తెలుసా?" అని. భాష రాదు. కానీ ఇందులో చాలావాటికి మాటలే ఉండవు, పియానో, డ్రమ్స్, బూరలు అంతే. రాత్రి స్టడీ అవర్ అయ్యాక వినడానికి ఇంతకంటే ఏం కావాలి?

ముందు దొరికింది ర్యో ఫుకుయి. 1976లో వచ్చిన ఆయన ఆల్బమ్ పేరు 'సీనరీ'. ఇప్పుడు యూట్యూబ్‌లో లక్షల మంది వింటున్నారు. నన్ను పట్టేసింది ఏంటంటే, ఆయన పియానో మొదలుపెట్టిందే 22 ఏళ్లకి. ఎక్కువగా సొంతంగా నేర్చుకున్నాడు. ఆరేళ్లలో ఆ రికార్డు. నాకిప్పుడు ఇరవై. మన ఇళ్లల్లో మనకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు కాబట్టి అందరికంటే వెనకబడ్డామని మనకి ఎప్పుడూ ఒక బెంగ ఉంటుంది కదా. అది ఆ రోజు కొంచెం తగ్గింది.

ఆయన ఊరేదో చూద్దామని వెతికితే ఉత్తరాన హొక్కైదో దీవిలో బిరాతొరి అని వచ్చింది. అక్కడినుంచి కథ వేరే వైపు తిరిగింది. బిరాతొరి కిందే నిబుతాని అనే ఊరుంది. అది ఐనూలది. ఐనూలంటే ఆ దీవిలో మొదటినుంచీ ఉన్న ఆదివాసులు. ఫుకుయి వాయించింది ఐనూ సంగీతం కాదు, కానీ ఆయన ఊరి పేరు వల్లే నాకు వాళ్లు తెలిశారు.

1899లో జపాన్ ప్రభుత్వం ఐనూలని 'రక్షించడానికి' అని ఒక చట్టం చేసింది. వేట, చేపలు పట్టడం మీద బతికినవాళ్లని వ్యవసాయం చేయమంది, బళ్లలో జపాన్ భాషే నేర్పింది. ఆ చట్టం 1997 దాకా ఉంది. నిబుతాని దగ్గర సారు నది మీద డ్యామ్ కట్టారు. భూమి ఇవ్వమని కోర్టుకెళ్లిన ఇద్దరిలో ఒకరు కయానో షిగేరు, జపాన్ పార్లమెంటులో కూర్చున్న మొదటి ఐనూ. 1997లో సప్పొరో కోర్టు ఐనూలు ఆదివాసులే, భూమి తీసుకోవడం చట్టవిరుద్ధమే అని తీర్పు చెప్పింది. కానీ డ్యామ్ అప్పటికే కట్టేశారు కాబట్టి ఉంచేశారు. ముంపు అంటే ఏంటో మన వైపు వాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

మళ్లీ జాజ్‌కి వస్తా. ఇది జపాన్‌లో పుట్టింది కాదు, అమెరికాలో నల్లజాతి వాళ్లది. రెండో ప్రపంచయుద్ధంలో శత్రువుల సంగీతమని జపాన్‌లో నిషేధించారు. యుద్ధం అయ్యాక మళ్లీ పాకింది. విదేశీ రికార్డులు కొనే స్తోమత మామూలు జనానికి లేదు. అందుకే 'జాజ్ కిస్సా' అని కాఫీ కొట్లు వెలిశాయి. ఒక కాఫీ డబ్బులిచ్చి, మంచి స్పీకర్ల ముందు గంటలకొద్దీ కూర్చుని వినేవాళ్లు. చాలా చోట్ల మాట్లాడనిచ్చేవాళ్లు కాదు. లేనివాళ్లు కలిసి వినడం అన్నమాట. ఒక్క స్పీకర్ చుట్టూ పదిమంది చేరే మనకి ఇది కొత్తేం కాదు.

అందరిలోకీ నేను ఎక్కువ విన్నది తొషికో అకియోషి. 1929లో పుట్టింది. పియానో వాయిస్తుంది, పెద్ద బ్యాండుకి సంగీతం రాస్తుంది. 1956లో చదువుకోవడానికి అమెరికా వెళ్లింది. 1974లో డ్యూక్ ఎల్లింగ్టన్ చనిపోయాక, ఆయన తన జాతి గురించి ఎంత గర్వంగా ఉండేవాడో చదివి, మరి నా మూలం ఏంటని ఆలోచించానని ఆమె చెప్పింది. ఆ ఏడు వచ్చిన ఆమె 'కొగున్'లో జపాన్ వాళ్ల పాత చేతి డోలు, త్సుజుమి, వినిపిస్తుంది. యుద్ధం అయిపోయిందని నమ్మక ఫిలిప్పీన్స్ అడవిలో దాదాపు ముప్పై ఏళ్లు ఉండిపోయిన సైనికుడి మీద చేసింది అది.

1976లో 'మినమాత' చేసింది. మినమాత సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ల ఊరు. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి వెళ్లింది. నరాల జబ్బుతో చాలామంది పోయారు, పిల్లలు పుట్టుకతోనే దెబ్బతిన్నారు. ఆ కథని ఇరవై నిమిషాలు దాటి వాయిస్తారు. ముందు ప్రశాంతంగా ఉన్న ఊరు, తర్వాత అభివృద్ధి, దాని ఫలితం, చివర మిగిలింది. మొదట్లో ఒక చిన్నపిల్ల గొంతు వస్తుంది. దీపాలార్పేసి వినండి.

ఇక్కడ నాకు ఒక విషయం తెలిసొచ్చింది. ఆమె డోలుని అలంకారానికి తేలేదు. చెప్పాల్సిన కథ ఉంది, అందుకు తెచ్చింది. మరి మన డోలు, కొమ్ము బూర ఎప్పుడు బయటికొస్తున్నాయి? పెద్ద ఆఫీసరు వస్తే గేటు దగ్గర స్వాగతానికి. ఆయన కారు దిగి లోపలికెళ్లగానే ఆట ఆపమంటారు. మనం ఏం వాయించాం, ఎందుకు వాయించాం అని అడిగేవాళ్లుండరు.

వేరే సంగీతంతో కలిపితే మనది పాడైపోతుందని కొందరు పెద్దలంటారు. ఆ భయంలో నిజం ఉంది. కానీ ఐనూ కళాకారుడు ఓకి చూడండి. తొంకొరి అని ఐదు తీగల ఐనూ వాయిద్యాన్ని రెగ్గే, డబ్‌లతో కలిపాడు. ఉమెకో ఆందో అనే ఐనూ అవ్వ పాటల్ని కూడా రికార్డు చేయించాడు. 2004లో ఆమె పోయింది, గొంతు ఉంది. కలపడంలో కాదు తేడా, ఎవరు కలుపుతున్నారు అన్నదాంట్లో ఉంది.

మన చరిత్రని కోయ భాషలో పాడిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన వెళ్లిపోయారు. ప్రతి గూడెంలో అలాంటివాళ్లు ఒకరిద్దరుంటారు, ఏ అవార్డూ రాకుండానే పోతారు.

అందుకే ఒక్క మాట. ఈసారి సెలవులకి ఇంటికెళ్తే మీ అవ్వనో, తాతనో అడిగి ఒక్క పాట ఫోన్లో పెట్టుకోండి. ఎవరు పాడారు, ఏ పండక్కి పాడతారు, అర్థమేంటి, ఇవి కూడా రాసుకోండి. బయట వినిపించకూడదని వాళ్లంటే గ్రూపులో పెట్టొద్దు, మీ దగ్గరే ఉంచండి. నేను మా గూడెంలో రేలా పాటలతో మొదలుపెడతా. 'సీనరీ', 'మినమాత' విన్నవాళ్లు ఎలా ఉందో కింద రాయండి.