జెనీవాలో గడియారముల వేలము

2024వ సంవత్సరము వేసవి సెలవులలో మేమును మావారును జెనీవా నగరమునకు బయలుదేరితిమి. అక్కడ మా మరిది ఉద్యోగములో నున్నాడు. మాతో కొనిపోయిన వస్తువులలో ఆవకాయ సీసా యొకటి, అప్పడముల కట్ట యొకటి, చేతిరుమాలులో చుట్టిన పాత చేతిగడియార మొకటి ముఖ్యమైనవి. సోదరీమణులు సరోవర వర్ణన కోరి ఈ వ్యాసమును చేతికి తీసికొని యుండిన యెడల ముందుగనే మనవి చేయుచున్నాము: ఆ యూరిలో మేము మిక్కిలి శ్రద్ధతో చూచినవి గడియారములే.

మేము కొనిపోయిన గడియారము మా మామగారి తండ్రిగారు 1948లో కొనినది. వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీవారి సోవార్ ప్రైమా. ఆ కంపెనీవారు స్విట్జర్లండులో తయారైన గడియారములను బొంబాయి, కలకత్తా దుకాణములనుండి మన దేశమంతట అమ్ముచుండిరి. మామగారు గతించిన పిమ్మట అది మావారి చేతికి వచ్చినది. పాత గడియారములకు లక్షలు పలుకుచున్నవని మా మరిది విని, "అన్నయ్యా, దానిని తప్పక తీసికొనిరా. ఇక్కడి వేలమువారికి చూపింతము" అని ఫోనులో చెప్పెను. మా అమ్మాయిని ఇంజనీరింగు కళాశాలలో చేర్పవలసిన సంవత్సరమది. మావారు పైకి అనలేదు గాని, రాని ఆ లక్షలను అప్పుడే ఫీజుక్రింద జమకట్టుకొనిరని మేము గ్రహించితిమి. మా గుండె మాత్రము గుబగుబలాడెను. కారణము తరువాత చెప్పెదము.

జెనీవా సరస్సు చివర, రోను నది సరస్సును వెడలి పారుచోట నున్నది. నీటి నడుమ నుండి నూటనలుబది మీటర్ల యెత్తునకు ఒక ధార ఎగయుచుండును. ఒడ్డునగల తోటలో పూలమొక్కలతో కూర్చిన పెద్ద గడియారము 1955 నుండి నడచుచున్నది. ఇన్ని గడియారములు ఈ యూరికెట్లు వచ్చినవన, పదునారవ శతాబ్దములో కాల్విను అను మతాచార్యుని కాలమున ఇక్కడ నగలు ధరించుట తగదని కట్టడి చేసిరట. బంగారుపనివారు బ్రదుకుతెరువు కొరకు తమ నేర్పును గడియారములవైపు త్రిప్పుకొనిరి. 1601లో వారికొక సంఘమేర్పడెను. సెంజెర్వే పేటలో మేడల పైగదులలో, వెలుతురు కొరకు కిటికీల దగ్గర కూర్చుండి వారు పనిచేయువారు. నగలు పోయిన ఆ యూరి యాడువారు ఏమనుకొనిరో మాకు చెప్పినవారు లేరు.

మే, నవంబరు మాసములలో ఇక్కడ పెద్ద వేలములు జరుగును. అమ్మకమునకు ముందు కొన్ని దినములు వస్తువులను ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. సరస్సు నెదుటనున్న హోటలులో అట్టి ప్రదర్శనమునకు మా మరిది మమ్ము తీసికొనిపోయెను. చీరకట్టుకొని, చేతిసంచితో వచ్చిన మమ్ము గుమ్మములోనే నిలిపివేయుదురని భయపడితిమి; ఎవరును ఏమియు ననలేదు. అక్కడ పరీక్షకురాలుగా నున్న ఒక పడుచు, మా ఆసక్తి చూచి, గడియారము నెట్లు చూడవలయునో ఓపికతో చెప్పినది.

అసలు గడియారమనగా దొంగసరుకు కాకుండుట మాత్రమే చాలదట. కార్ఖానా విడిచిన నాడు దానిలో నున్న భాగములే నేడును ఉండవలయును. ముందుగా డయలు. అక్షరముల అంచులు, నిమిషపు గీతలు భూతద్దములో చూచినను తీరుగా నుండవలయును. తరువాత చీకటిలో వెలుగు పూత. 1960 ప్రాంతము వరకు రేడియము పూసిరి. పిమ్మట ట్రిటియము వచ్చినది. దానిని వాడిన డయలుపై ఆరు అంకె క్రింద తరచుగా 'టి' అను చిన్న అక్షర ముండును. కావున 1957లో తయారైనదని చెప్పు గడియారముపై ఆ 'టి' కనబడిన, డయలు తరువాత మార్చినదే. అతినీలలోహిత దీపము క్రింద ముళ్ళపై పూత ఒక తీరునను, అంకెలపై పూత వేరొక తీరునను వెలిగిన, అవి రెండును ఒక కాపురమునకు చెందినవి కావు. కేసు అంచులు పదునుగా నుండవలయును. మెరుగు పెట్టినకొలది లోహమరిగి, అంచులు సబ్బుబిళ్ళవలె గుండ్రనగును. చివరకు వెనుక మూత తీసి, యంత్రముపై నంకెను తయారుచేసినవారి దస్త్రములతో సరిచూతురు.

ఇత్తడి చెంబును చింతపండుతో తోమి తళతళలాడించుట మన ఇండ్లలో మెచ్చుకొను గుణము. అక్కడ తోమిన వస్తువునకే ధర తగ్గును! నల్లని డయలు ఎండకు గోధుమరంగు తిరిగిన, దానికి ఎన్నో రెట్లు ఎక్కువ యిత్తురట. ఆ మాట వినగానే మాకు ముచ్చెమటలు పోసినవి.

ఆమెయే మరియొక వృత్తాంతము చెప్పినది. పాల్ న్యూమన్ అను అమెరికా నటుడు కార్ల పందెములలో పాల్గొనువాడు. అతని భార్య జోన్ వుడ్వర్డ్ ఒక రోలెక్స్ డేటోనా గడియారము కొని, జాగ్రత్తగా నడుపుమని వెనుక మూతపై చెక్కించి బహూకరించెను. పేరు వ్రాయక, 'నేను' అని మాత్రమే చెక్కించినదట. అతడు దానిని 1984లో కుమార్తె స్నేహితునికిచ్చెను. 2017 అక్టోబరు 26న న్యూయార్కులో అది 1 కోటి 77 లక్షల 52 వేల 500 డాలర్లకు పోయెను. సుందరకాండములో హనుమంతుడు సీతమ్మకు చూపిన ఉంగరముపై రామనామ ముండెను గదా. ఈ గడియారముపై ఆలి పేరైనను లేదు. 'నేను' అన్న మాటయే ఆనవాలైనది.

మరునాడు రైలులో బీల్ అను పట్టణమునకు పోయితిమి. దారిలో నూషతెల్ సరస్సు, దానికెగువ ద్రాక్షతోటలు కన్నులపండువుగా నుండెను. ఆ పట్టణమును జర్మనులు బీల్ అనియు, ఫ్రెంచివారు బియెన్ అనియు పిలుతురు. వీధిపేర్లు రెండు భాషలలో నుండుట చూచి మాకు బళ్ళారి జ్ఞప్తికి వచ్చినది. ఒమెగా గడియారముల కార్ఖానా 1880 నుండి అక్కడనే యున్నది. వారి ప్రదర్శనశాల 2019లో తెరచిన క్రొత్త భవనములో నున్నది. చంద్రునిపైకి వెళ్ళినవారు ధరించిన స్పీడ్‌మాస్టరు అనునది వీరిదే.

ఆ స్పీడ్‌మాస్టరులలో తొలినాటిది, 1957 నాటిదని చెప్పబడిన దొకటి, 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ వారి వేలమునకు వచ్చెను. డయలు నిండుగా గోధుమరంగు తిరిగినది. లక్షా యిరువదివేల ఫ్రాంకులు మించదని అంచనా వేసిరి. పాట 31 లక్షల 15 వేల 500 ఫ్రాంకుల వరకు పోయెను. కొనినవారు మరెవ్వరో కాదు, ఒమెగా వారే, తమ ప్రదర్శనశాల కొరకు. 2023లో ఆ సంస్థవారే, అది పలు గడియారముల భాగములను చేర్చి కూర్చినదనియు, తమ మాజీ ఉద్యోగులు ముగ్గురికి ఇందులో ప్రమేయ మున్నదనియు ప్రకటించి, పోలీసు ఫిర్యాదు చేసిరి. భాగములు చాలవరకు అసలైనవే. అయినను అవి ఒక గడియారమువి కావు. తయారుచేసినవాడే తన బిడ్డను పోల్చుకొనలేకపోయిన, పరుల మాట యేమి? దస్త్రము సరిపోయినంత మాత్రమున వస్తువు సరిపోయినట్లు కాదని మాకు ఆనాడు బోధపడినది.

మూడవనాడు మా గడియారమును చూపవలసి వచ్చెను.

ఇక దాచి లాభములేదు. అయిదేండ్ల క్రిందట దాని డయలు తేనీటిరంగు తిరిగి, మచ్చలు పడెను. మావారి పుట్టినరోజుకు సంతోషపెట్టవలెనని, వెచ్చములలో మిగిల్చిన ఆరువందల రూపాయలతో మేము దానిని మా యూరిలో ఒక రిపేరువానికి ఇచ్చితిమి. "కొత్తదాని వలె చేసి యిచ్చెదనమ్మా" అనెను. అన్నట్లే పాతపూత గీకివేసి, తెల్లగా రంగుపూసి, నల్లని అంకెలు వేసి, నీలిముళ్ళు బిగించి యిచ్చెను. శుభ్రము చేయించితినని మాత్రమే మావారితో చెప్పితిమి. వారు మురిసిపోయిరి.

ఆ పడుచు మూత తీసి చూచి, యంత్రము, కేసు చక్కగా నున్నవనెను. భూతద్దము డయలుమీదికి త్రిప్పగానే ఆమె ముఖము మారినది. "ఇది ఇండియాలో పూసినదా?" అని మృదువుగా అడిగెను. ఇట్టి డయళ్ళు మన బొంబాయినుండి ఎక్కువగా వచ్చుటచే పాశ్చాత్యులు వానికి ఆ యూరి పేరే పెట్టిరట. నిమిషపు గీతలు అంకెలతో కలియలేదనియు, అక్షరములు లావైనవనియు చూపినది. తమ వేలమునకు తగదనియు, బయట నూరు ఫ్రాంకులు రావచ్చుననియు చెప్పినది. పాత డయలు అట్లే యుండిన? అని మేము అడిగితిమి. అప్పుడైనను లక్షలు రావు గాని, ఇష్టపడి కొనువా రుందురనెను.

బయటకు రాగానే మా మరిది, "ఎవరో దుకాణమువాడు మోసము చేసినాడు, అన్నయ్యా" అనెను. మావారు తల యూపిరి. ఊరకుండిన ఆ నింద రిపేరువానిమీదనే నిలిచియుండెడిది. వంతెన నడుమకు వచ్చుసరికి మాకు నడక సాగలేదు. జరిగినదంతయు చెప్పివేసితిమి. మా మరిది, "పోనిండి వదినా" అనెను. మావారు ఏమియు ననలేదు. రెండు దినములు ఆ గడియారమును చేతికి పెట్టుకొనలేదు. మేమును పెట్టుకొమ్మని అడుగలేదు. మూడవనాటి సాయంకాలము కాఫీ త్రాగుచు, "పాతముళ్ళు ఏమైనవి?" అనిరి. పసుపు కుంకుమల పెట్టె అడుగున పొట్లములో నున్నవని చెప్పితిమి.

ఇంటికి వచ్చిన వారమునకే ఆ రిపేరువానిచేతనే పాతముళ్ళు బిగింపించిరి. తెల్లని డయలుమీద మచ్చపడిన ముళ్ళు ఏమంత పొందికగా లేవు. అమ్మాయి ఫీజునకు సహకార సంఘములో అప్పు తీసికొంటిమి. గడియారము రోజునకు నాలుగు నిమిషములు వెనుకబడుచున్నది. మావారు ప్రతి ఉదయము బడికి బయలుదేరుటకు ముందు దానికి కీ ఇచ్చి, ఫోను చూచి సరిచేసికొనుచున్నారు.