కారు కింద పరిచిన పేపరు

సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ నుంచి చెల్లెళ్లు ఫోన్ చేసినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనే కూర్చున్నాను. నీళ్ల పప్పు, పరీక్ష ముందు రాత్రి కరెంటు పోవడం ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. అందుకని మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో జరిగిన సంగతి రాస్తున్నాను. ఇందులో మన హాస్టల్ వాటర్ ట్యాంకు కూడా వస్తుంది.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. మా నాన్న డ్రైవరు. ఇరవై ఏళ్లు వేరేవాళ్ల బండ్లు నడిపి, నాలుగేళ్ల కిందట ఒక పాత డీజిల్ కారు సొంతంగా కొనుక్కున్నాడు. ఊళ్లో ఒకాయనకు వారానికి రెండుసార్లు గుంటూరులో డయాలసిస్ చేయించాలి. ఆ కిరాయే మా ఇంటికి ఆధారం.

నేను వెళ్లిన రోజు కారు నిలిపే చోట నేలంతా ఎర్రటి జిడ్డు మరక.

"ఇదేంటి నాన్నా?"

"స్టీరింగ్ ఆయిలమ్మా. కొంచెం కారుతోంది, పోసుకుంటూ నెట్టుకొస్తున్నా."

కొంచెం అన్నాడు గానీ డిక్కీలో మూడు ఖాళీ సీసాలు దొర్లుతున్నాయి. రాత్రి అమ్మ ఆయన కుడి భుజానికి జండూబామ్ రాస్తుంటే అసలు సంగతి బయటపడింది. మెకానిక్ కింద చూసి, "ర్యాకు పోయింది, 14 వేలు అవుద్ది" అన్నాడట. అది రెండు నెలల కిందటి మాట. నా పరీక్ష ఫీజు, రూము అద్దె కట్టాక చూద్దామని నాన్న ఊరుకున్నాడు. నాకు అన్నం సహించలేదు.

తెలియని చెల్లెళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. ఇంజను తిరుగుతుంటే బెల్టుతో ఒక పంపు తిరుగుతుంది. అది ఆయిల్‌ను ర్యాకులోని పిస్టన్‌కు ఒక పక్కకు నెడుతుంది. మనం తొమ్మిదో తరగతిలో బట్టీపట్టిన పాస్కల్ నియమమే. పంపు నుంచి వెళ్లే పైపులో పీడనం, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు, 70 బార్లు దాటుతుంది. టైర్లో గాలి రెండు బార్లకు కాస్త అటూ ఇటూ ఉంటుందంతే. పని ముగిసిన ఆయిల్ డబ్బాలోకి తిరిగొచ్చే రిటర్న్ పైపులో మాత్రం పీడనం చాలా తక్కువ. ఈ ఏర్పాటును 1926లోనే ఫ్రాన్సిస్ డేవిస్ అనే అమెరికా ఇంజనీరు కారులో పెట్టి చూపించాడు. 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో అమ్మకానికి వచ్చింది. ఇప్పుడొచ్చే చాలా కొత్త కార్లలో ఆయిలే లేదు, కరెంటు మోటారే తిప్పుతుంది. మాది పాతది కాబట్టి ఈ తిప్పలు. ఆయిల్ పోతే స్టీరింగ్ బిగుసుకుపోదు గానీ రాయిలా బరువెక్కుతుంది. ఆ బరువే నాన్న భుజం మోస్తోంది.

తెల్లారి కారు కింద చూస్తే నిజంగానే ర్యాకు కొస నుంచే చుక్క పడుతోంది. మెకానిక్ చెప్పింది నిజమేననుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది మన ట్యాంకు. నేను ఇంటర్‌లో ఉండగా వంటగది గోడ చెమ్మెక్కితే, గోడలో పైపు పగిలిందని అందరూ గోడ పగలగొట్టబోయారు. వాచ్‌మన్ తాత ఆపి, పైనుంచి కిందిదాకా పాత గుడ్డతో పొడిగా తుడిచాడు. "కారేది ఒకచోట, కనపడేది ఒకచోట. తుడిచి కూర్చోండే పిల్లలూ" అన్నాడు. చివరికి చూస్తే మేడ మీద ట్యాంకు మూలుగు దగ్గర సన్నని బీట.

నేనూ అదే చేశాను. కొంచెం కిరోసిన్, అమ్మ పాత చీర ముక్క. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, డబ్బా నుంచి ర్యాకు దాకా పైపులన్నీ తుడిచాను. కింద దినపత్రిక పరిచాం. నాన్న ఇంజను వేసి స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే, బెల్టుకు దూరంగా నిలబడి టార్చి పట్టుకున్నాను. అయిదు నిమిషాలకు, డబ్బా కింద రిటర్న్ పైపు క్లిప్పు దగ్గర ఎర్రటి తడి మెరిసింది. అది పైపు వెంబడే జారి, ర్యాకు కొసకు చేరి, అక్కడ చుక్కై పడుతోంది. ర్యాకుకు ఏమీ కాలేదు.

"నాన్నా, ఎమ్-సీల్ పెట్టేద్దామా?" అన్నాను సంబరంగా. నాన్న నవ్వాడు. ఆయిల్ తడిలో అది పట్టదని, పైపు మార్చాల్సిందేనని అన్నాడు. ఇది రిటర్న్ పైపు కాబట్టి ఇంట్లో మారుస్తున్నాం, ప్రెషర్ పైపు అయితే చెయ్యి పెట్టనిచ్చేవాణ్ణి కాదన్నాడు. కొస కోసి మళ్లీ బిగిద్దామంటే పైపు ఎండు తాటాకులా పెళుసెక్కింది.

నరసరావుపేటలో స్పేర్‌పార్ట్స్ కొట్టతను ముందు పెట్రోలు పైపు తీసిచ్చాడు. ఏటీఎఫ్ ఆయిల్‌కు పనికొచ్చేదే కావాలన్నాను. డబ్బా మూత మీద ఇంగ్లీషులో ఏటీఎఫ్ అని ఉంది. నాన్నకు ఆ అక్షరాలు రావు, ఎరుపు రంగూ వాసనా చూసి ఇన్నేళ్లూ సరైనదే పోశాడు. "మీ నాన్నను పంపాల్సిందమ్మా" అంటూనే లోపలికెళ్లి వేరేది తెచ్చాడు. మీటరు పైపు, రెండు క్లిప్పులు, లీటరు ఆయిల్ కలిపి 640 రూపాయలు.

బిగించడం అరగంట పని. పాత పైపు తీసేటప్పుడు కింద బేసిన్ పెట్టాం. దుమ్ము పడకుండా డబ్బా మూతికి గుడ్డ కట్టాం. పక్కింటి పెద్దమ్మ వచ్చి "ఆడపిల్ల చేత ఇదేం పనిరా" అంది. నాన్న పానా నా చేతిలోనే ఉంచాడు.

ఇంజను వేయగానే గుర్రుమని మోత. డబ్బాలో ఆయిల్ బీరులా నురగ! నా కాళ్లు వణికాయి. పైపులో గాలి చేరింది, అంతే. ముందు చక్రాలు జాకీతో లేపి, కింద దిమ్మెలు పెట్టి ("జాకీని నమ్మి బండి కింద దూరమాకమ్మా" అని పదిసార్లు చెప్పాడు), ఇంజను ఆపి స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు నెమ్మదిగా ఇరవై సార్లు తిప్పాం. మధ్యమధ్య ఆయిల్ పోశాం. తర్వాత ఇంజను వేసి మళ్లీ తిప్పాం, కొసలో పట్టి ఉంచకుండా. మోత తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది.

రాత్రి కొత్త పేపరు పరిచి పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున అయిదింటికి గుంటూరు కిరాయి. నాన్న కంటే ముందే లేచి టార్చి వేసి చూశాను. పేపరు పొడిగా ఉంది. నాన్న సందు మలుపులో ఒక్క చేత్తో స్టీరింగ్ తిప్పుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం వచ్చాక నాతో ఏమీ అనలేదు. కాళ్లు కడుక్కుని, అన్నం తిని, వంగి కారు కిందికి చూశాడు. పొద్దున నేను మడిచిపెట్టిన పేపరే తీసుకుని మళ్లీ అక్కడే పరిచాడు.