బిడ్డ ఒంటి మీది దెబ్బలు – మన విశ్వాసం

గుండ్లపోచంపల్లిలో ఈమధ్య ఆదివారం ఆరాధన ముగిశాక ఒక యువ తండ్రి నన్నడిగాడు: "డాక్టరుగారూ, పిల్లల్ని కొట్టవద్దంటారు మీరు. బెత్తం వాడమని సామెతల గ్రంథమే చెబుతోంది కదండీ?" జవాబుగా, అంతవరకు ఎవరికీ చెప్పని ఒక సంగతి అతనికి చెప్పాను. మీకూ చెబుతున్నాను.

సుమారు నలభై ఏళ్ళ క్రితం, నేను ప్రభుత్వ వైద్యుడిగా ఉన్నప్పుడు, చేయి విరిగిందని ఆరేళ్ళ బాలుణ్ణి తీసుకొచ్చారు. మెట్ల మీద నుంచి పడ్డాడన్నారు. ఎక్స్‌రేలో, అప్పటికే అతుక్కున్న మరో పాత విరుపు కూడా కనిపించింది. వీపు మీద తాడు మడిచి కొట్టిన వాతలున్నాయి. తండ్రి నాకు పరిచయస్థుడు, భక్తిపరుడని పేరున్నవాడు. నేను సిమెంటు కట్టు వేసి, కేసు కాగితంలో "పడిపోయాడు" అని రాసి, బిడ్డ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి పంపేశాను. కట్టు విప్పించుకోవడానికి వాడు మళ్ళీ రాలేదు.

తెలియక చేసిన తప్పు కాదది. హెన్రీ కెంప్, ఆయన సహచరులు 1962లోనే ఇటువంటి గాయాలను వర్ణించి, తల్లిదండ్రులు చెప్పే కథకూ గాయానికీ పొంతన లేకపోతే అనుమానించాలని వైద్యలోకాన్ని హెచ్చరించారు. నేను అనుమానించాను. కానీ మొగమాటపడ్డాను. ఆ మొగమాటానికి ప్రార్థన ముసుగు వేశాను.

విశ్వాసం అలా ఉండనక్కరలేదు. తమిళనాడులో 1901 మార్చి 7న, దేవాలయానికి అర్పింపబడబోతున్న ప్రీనా అనే ఏడేళ్ళ పిల్ల పారిపోయి వచ్చి ఎమీ కార్మైకేల్‌ను ఆశ్రయించింది. అంతకుముందు తప్పించుకోబోయినందుకు ఆ పసిచేతులకు వాతలు పెట్టారు. ఎమీ ప్రార్థనతో సరిపెట్టలేదు. పిల్లను తిప్పి పంపలేదు. ఆ తర్వాత వందలాది పిల్లలకు ఆమె "అమ్మ" అయింది. 1951లో మరణించేవరకు అక్కడే ఉండిపోయింది. అదే రాష్ట్రంలో వైద్యురాలు ముత్తులక్ష్మీ రెడ్డి శాసనమండలిలో ఆ ఆచారంపై పోరాడింది. 1947లో నిషేధ చట్టం వచ్చింది. దయకు చట్టం కూడా తోడు కావాలి.

మా ఊరి స్టేషను మీదుగా రైళ్ళు నిజామాబాదుకు వెళతాయి. ఆ జిల్లాలోనే హేమలతా లవణం జోగినీల కోసం ఏళ్ళ తరబడి పనిచేసింది. ఆమె మహాకవి జాషువా కుమార్తె. నాస్తికుడైన గోరా ఇంటి కోడలు. పిల్లల్ని కాపాడే పని క్రైస్తవులమైన మా ఒక్కరి సొత్తు కాదని ఆమెను తలచుకున్నప్పుడల్లా అనిపిస్తుంది.

పాఠకులారా, ఆడుకునే పిల్లలకు మోకాళ్ళ మీద, మోచేతుల మీద, నుదుటి మీద దెబ్బలు సహజం. చెవుల మీద, మెడ మీద, వీపున, పిరుదుల మీద ఉంటే ఆలోచించండి. ఇంకా పాకడం కూడా రాని పసికందు ఒంటి మీద కమిలిన మచ్చ కనిపించినా, బెల్టు ఆకారంలో వాత ఉన్నా, వైద్యానికి ఆలస్యంగా తెచ్చినా, చెప్పే కథ మాటిమాటికీ మారినా అనుమానించండి. బిడ్డను నలుగురిలో నిలదీయకండి. 1098కి ఫోను చేయండి. లైంగిక హింస అని తెలిసినా, అనుమానం కలిగినా, పోలీసులకు తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం మన విధి. సదుద్దేశంతో తెలిపినవారికి ఆ చట్టమే రక్షణ ఇస్తుంది.

ఇదంతా విని ఆ యువ తండ్రి, "మరి బెత్తం సంగతి?" అన్నాడు. "కాపరి కర్ర గొర్రెలను కొట్టడానికి కాదు నాయనా, తోడేలును తరమడానికి. యేసు పిల్లల్ని ఎత్తుకున్నాడు. కోప్పడింది వాళ్ళను అడ్డగించిన శిష్యుల మీద. ఆ రోజు ఆసుపత్రిలో అడ్డగించినవాణ్ణి నేనే" అన్నాను.

అతను మారు మాట్లాడలేదు. పక్కన నిలబడ్డ కొడుకును ఎత్తుకుని వెళ్ళాడు.