లెక్క రాసేవాళ్ళు ఏం చేస్తారు?



నేను డిగ్రీ ఫైనల్ ఇయర్, హాస్టల్లో ఉంటా. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. "స్టాటిస్టిక్స్ చదివి ఏం చేస్తావే? బీఈడీ చెయ్" అని మా అయ్య సెలవులకి పోయినప్పుడల్లా అంటాడు. ఆయన తప్పేం లేదు. టీచర్ని మా ఊరు చూసింది. లెక్కలు చూసే ఉద్యోగం ఎవరూ చూడలేదు. అందుకే ఈ పోస్టు.

2005లో దక్షిణాఫ్రికాలో చెర్ అనే పరిశోధన మొదలైంది. తల్లి నుంచి హెచ్ఐవీ సోకిన పసిపిల్లల మీద. వయసు 6 నుంచి 12 వారాలు, పైకి ఆరోగ్యంగానే ఉన్నారు. అప్పటి పద్ధతి ప్రకారం జబ్బు లక్షణాలు కనబడేదాకా, లేదా రోగనిరోధక కణాలు తగ్గేదాకా మందు మొదలుపెట్టరు. అవి జీవితాంతం వాడాల్సిన మందులు మరి. వెంటనే ఇస్తే మంచిదా, ఆగితే మంచిదా? చెప్పడానికి గట్టి లెక్క లేదు.

చీటీలు వేసినట్టు పిల్లల్ని విడగొట్టారు. 252 మందికి వెంటనే మందు, 125 మందికి పాత పద్ధతి. మధ్యమధ్యలో రెండు వైపులా లెక్కలు పోల్చి చూసే పని బయటి నిపుణుల కమిటీది. 2007 జూన్‌లో ఆ కమిటీ లెక్క చూసి, ఇక ఎవరినీ ఆగే వైపు చేర్చొద్దంది. అచ్చయిన లెక్క ఇది: వెంటనే మందు పడినవాళ్ళలో 10 మంది చనిపోయారు, 4 శాతం. ఆగినవాళ్ళలో 20 మంది, 16 శాతం. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదిలోపు పిల్లలకి హెచ్ఐవీ అని తేలగానే మందు మొదలుపెట్టమంది.

ఆ తేడా ఊరికే అలా పడిందా, నిజంగా మందు వల్లేనా అని తేల్చేది స్టాటిస్టిక్స్. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌లోనూ ఇంతే. 1950ల్లో దాదాపు అందరూ చనిపోయేవాళ్ళు. ఇప్పుడు సంపన్న దేశాల్లో ఎక్కువగా వచ్చే రకంలో 90 శాతం దాకా బతుకుతున్నారు. ఒక్క మందుతో కాదు, ఒక పరిశోధన లెక్క మీద ఇంకో పరిశోధన పెట్టుకుంటూ వచ్చారు.

ఇలాంటి లెక్కల్లో ఒక నియమం ఉంది. ఊరు మారి కనబడకుండా పోయిన బిడ్డని చనిపోయినట్టు రాయకూడదు, చివరిదాకా బతికున్నట్టూ రాయకూడదు. ఆఖరిసారి చూసిన తేదీ వరకే లెక్క. దాన్ని సెన్సారింగ్ అంటారు. అలాంటివాళ్ళు ఎక్కువైతే జవాబే నమ్మలేం.

అది చదివినప్పుడు మా పిన్ని రిజిస్టర్ గుర్తొచ్చింది. ఆమె ఆశా కార్యకర్త, సెలవుల్లో రాయడానికి నేను సాయం చేస్తా. మిరప కోతలకి పోయిన ఇళ్ళ పిల్లల గడులు ఖాళీ. ఒక్కో బిడ్డకి కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. మన పిల్లలు లెక్కలో లేకపోతే, మన పిల్లలకి ఏది పనిచేస్తుందో ఎవరు చెప్తారు?

నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఎంట్రన్స్ రాస్తున్నా. మా అయ్య ఇంకా ఊ అనలేదు. ఎంపీసీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, డిగ్రీ ఫారంలో ఈ సబ్జెక్టు కనబడితే దాటేయకండి, నన్ను అడగండి. మిగతావాళ్ళు ఈ సెలవుల్లో మీ ఇంటి పిల్లల పేరు, పుట్టిన తేదీ ఆశా అక్క రిజిస్టర్‌లో సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కసారి చూసి రండి.