ఎయిర్ ఫిల్టరే!

కొని నెల తిరగలేదు, అప్పుడే బానెట్ ఎత్తాను. సెకండ్‌హ్యాండ్‌లో దొరికిన ఆక్టావియా ఆర్‌ఎస్ 245. 2020లో మన దేశానికి కేటాయించినవే 200. దాని 245 పీఎస్ చాలదా అంటే, చాలు. చెయ్యి ఊరుకోదు, అంతే.

కంపెనీ ఎయిర్‌బాక్స్ తీసి కొత్త ఇంటేక్ బిగిస్తుంటే పది నంబరు సాకెట్ జారి ఇంజిన్ కిందెక్కడో ఇరుక్కుంది. కడ్డీకి అయస్కాంతం కట్టి అరగంట వెతుకులాట. క్లాంప్ మరీ బిగిస్తే పైపు నలుగుతుంది, వదులైతే వడకట్టని దుమ్ము నేరుగా టర్బోలోకి.

రోడ్డెక్కాక వేగం పెరిగిందో లేదో గానీ, కాలు నొక్కినప్పుడల్లా టర్బో గాలి పీల్చే చప్పుడు లోపలికి వినబడుతోంది. నిజానికి డబ్బులు పోసింది దానికే. ఎగ్జాస్ట్ జోలికి పోను. మోటారు వాహనాల చట్టంలో బండి మార్పులకు హద్దులు గీసే 52వ సెక్షన్ ఉంది, అంతకన్నా ముందు కింది ఫ్లాట్ తాతగారున్నారు.

"ఏం మార్చావురా?" అంది అమ్మ.

ఎయిర్ ఫిల్టరమ్మా అన్నాను. అబద్ధం కాదుగా!